బస్సులో రెఫరీ ఉండడు

మా క్లాసులో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే ఒక మాట అడుగుతారు. "మేడం, మేం పోటీలకు వెళ్లాలి. మాతో ఈ కటాలు ఎందుకు చేయిస్తున్నారు?" అని. కటా అంటే, ఎదురుగా మనిషి లేకుండా ఒంటరిగా చేసే పాఠం. ఏ అడుగు తర్వాత ఏ అడుగు, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ అన్నది పాతకాలం వాళ్లు కట్టి పెట్టారు. మనం దాన్ని అట్లాగే చేయాలి. ఎదుట మనిషిని పెట్టుకుని, గ్లౌజులేసుకుని, పాయింట్ల కోసం ఆడేది కుమితే. మీకు పతకాలు వచ్చేది ఎక్కువగా దాంట్లోనే.

అడిగినవాళ్ల మీద నాకు కోపం రాదు. నాకు కోపం రాని విషయాలు చాలా తక్కువ, అందులో ఇదొకటి. మూడేళ్ల కిందట ఇదే మాట నేను ఇంతకన్నా ఘాటుగా అనేదాన్ని. రీల్ కూడా చేసి పెట్టాను. ఆ రీల్ ఇప్పుడు లేదు, వెతక్కండి.

నేను పోటీల నుంచి రిటైరైంది ఇరవై ఆరో ఏట. రిటైర్మెంట్ అంటే శాలువా, పూలదండ అనుకుంటాం. నా చేతిలో మాత్రం మోకాలి ఎమ్మారై రిపోర్టు పెట్టారు. అప్పటిదాకా నా బతుకంతా హైదరాబాదులో మ్యాట్ మీదే. ఎగురుతూ ఉండాలి, సందు దొరికితే దూకాలి, తాకించాలి, వెనక్కి రావాలి. ముఖానికి కొట్టే గుద్దు వేలెడు దూరంలో ఆగాలి. గట్టిగా తగిలితే మనకే పెనాల్టీ. పన్నెండేళ్లు రోజూ అదే చేశాను.

మోకాలు పోయాక నా అకాడమీ ఓనర్ ఒక పని చూపించాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఆత్మరక్షణ క్లాసులు. మూడు నెలలు, ఊరికి వారంలో రెండు రోజులు. సూర్యాపేటలో ఒక రూమ్ కిరాయికి తీసుకున్నాను. ఫోన్ సిగ్నల్ కిటికీ దగ్గర మాత్రమే వచ్చేది, కాబట్టి మూడు నెలలూ కిటికీ దగ్గరే ఉన్నాననుకోండి.

స్థానికంగా ఒక అసిస్టెంటును కూడా ఇచ్చారు. నేను ఎవరో కుర్ర బ్లాక్‌బెల్ట్ వస్తాడనుకున్నాను. వచ్చింది అరవై దాటిన పెద్దాయన. తుంగతుర్తి వైపు ఒక స్కూల్లో పీఈటీగా చేసి దిగిపోయాడు. ఊళ్లో అందరికీ "కరాటే సారు". తెల్లబట్టలు ఉతికి ఉతికి గోధుమ రంగుకు వచ్చాయి. తన జన్మలో ఒక్క పోటీకి కూడా వెళ్లలేదని మొదటి రోజే చెప్పాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఇక ఈయన నాకేం సాయం చేస్తాడని నేను ఆ రోజే ఓనర్‌కు మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

క్లాసులు బాగానే మొదలయ్యాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, టీచర్లు వచ్చేవాళ్లు. కోదాడలో ఒక ఆస్పత్రి మేడ మీద క్లాసు. నేను అందరినీ ఎగిరిస్తుంటే అక్కడి నర్సు ఒకావిడ చేతులు జోడించింది. "మేడం గారూ, అంత ఎగరమాకండి. కింద వార్డులో ఇప్పుడిప్పుడే నిద్రపట్టిందండీ అందరికీ" అని. సూర్యాపేట క్లాసులో మాత్రం ఎక్కువమంది బస్ కండక్టర్లు. ఏ డిపో అన్నది ఇక్కడ అవసరం లేదు.

వాళ్లలో ఆత్మకూర్ (ఎస్) నుంచి వచ్చే ఒక అక్క ఉండేది. నలభై దాటి ఉంటాయి. డ్యూటీ దిగి నేరుగా వచ్చేది, ఖాకీ చొక్కా విప్పకుండానే. మొదటి రోజు నేను "ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?" అని అడగడం పాపమైంది.

"మేడం, ఎవడన్న నా చెయ్యి వట్టుకుంటె ఏం జెయ్యాలె?" అంది.

"పట్టుకునేదాక ఎందుకు రానిస్తరక్కా? డిస్టెన్స్ మెయింటైన్ చెయ్యాలె. ఎప్పుడైనా రెండడుగుల దూరం."

క్లాసు మొత్తం గొల్లున నవ్వింది.

"మా బస్సుల రెండడుగులా?" అంది అక్క. "ఆ రెండడుగులల్ల నేను ఆరుగురికి టికెట్ కొడుత మేడం. ఆడోళ్లకు ఫ్రీ అయినకాడికెల్లి నా జడ ఎవరి చేతుల ఉంటదో నాకే ఎర్కుండదు."

నాకు మండింది. నవ్వినవాళ్లందరితో ఇరవై బస్కీలు తీయించాను. అక్క తీసి, చెమట తుడుచుకుని, మళ్లీ అదే అడిగింది. చేయి పట్టుకుంటే ఏం చేయాలి?

ఎందుకు అంత పట్టుగా అడుగుతోందో తర్వాత టీ తాగుతూ చెప్పింది. కిందటేడు బస్సులో ఒకడు నడుం మీద చెయ్యేస్తే ఒక్కటి పీకింది. వాడు పన్ను కదిలిందని కంప్లయింట్ పెట్టాడు. ఈమెకు మెమో వచ్చింది. ఇంకొక కంప్లయింట్ వస్తే సస్పెన్షనే అని మేనేజర్ చెప్పాడట.

"ఇది మా నాయిన నౌకరి మేడం. గీ డిపోలనే డ్రైవరు చేసిండు. డ్యూటీల పాణం వోతె నాకిచ్చిండ్రు. దీన్ని నా చేతులతోని వోగొట్టుకున్ననంటె మా అమ్మకు నా మొకం సూపియ్య. అందుకే నాకు కొట్టుడు నేర్పకుండ్రి. ఇడిపించుకునుడు నేర్పుండ్రి."

ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ అడగలేరు. నేను ఏం చేశానో చెప్పనా? "కొట్టడం వస్తేనే విడిపించుకోవడం వస్తదక్కా" అని చేతికి గ్లౌజులు తొడిగి ప్యాడ్ ముందు నిలబెట్టాను. ఎందుకంటే నాకు వచ్చింది అదొక్కటే. కుమితేలో చేయి పట్టుకోవడం ఉండదు. పట్టుకుని ఆపేస్తే రెఫరీ వచ్చి విడదీస్తాడు. పన్నెండేళ్లలో నా మణికట్టును గట్టిగా పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని నాకు తెలుసు, ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

క్లాసు అయిపోయాక అక్క ఒక మూలకు వెళ్లి సారుతో ఏదో చేస్తుండేది. రెండు మూడు రోజులు చూశాను. అది టెక్కి అనే కటా. గుర్రమెక్కినట్టు కాళ్లు వెడల్పుగా పెట్టి, మోకాళ్లు వంచి, పక్కకే నడవాలి. ముందుకు లేదు, వెనక్కు లేదు. మధ్యలో రెండు పిడికిళ్లనూ ఒకదాని మీద ఒకటి నడుం దగ్గర పెట్టుకోవాలి, గిన్నె మీద గిన్నె పెట్టినట్టు. ముఖానికి కాపలా ఉండదు. పోటీలో అట్లా నిలబడితే మూడు సెకన్లలో మూడు పాయింట్లు పోతాయి.

వీడియో తీశాను. "ఎండ్రికాయ కరాటే" అని పేరు పెట్టి, కింద నవ్వే బొమ్మలు పెట్టి వదిలాను. అక్క ముఖం కనిపించకుండా కోశాను, సారును అట్లాగే ఉంచాను. తెల్లారేసరికి నేను జన్మలో చూడనన్ని లైకులు.

సారు కూడా చూశాడు. ఎవరో చూపించారు. నేను గొడవకు రెడీగా ఉన్నాను. ఆయన నా ఫోన్ తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి, మళ్లీ మళ్లీ ఆడించి చూశాడు.

"మంచిగనే వచ్చింది బిడ్డా. గని గీడ సూడు, నా ఎడమ మోకాలు లోపటికి వడుతున్నది. ఎవ్వరు చెప్పలే నాకు ఇన్నేండ్లు."

కోపం తెచ్చుకోని మనిషి మీద నాకు ఇంకా కోపం వస్తుంది. "సార్, మీ కటాల ఎదురుగ ఎవడూ లేడు. నా ఆటల మనిషి ఉంటడు, కదులుతడు, కొడతడు" అన్నాను.

"ఉంటడు. ఆగుమంటె ఆగుతడు గూడ. బయటోడు ఆగుతడా?"

"పిడికిళ్లు నడుం కాడ పెట్టుకుంటే మొకం ఓపెన్ కదా?"

"ఖాళీ పిడికిళ్లయితె ఓపెనే" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. నాకు నోటిఫికేషన్ వచ్చింది. చూసి తలెత్తేసరికి ఆయన బెల్టు మడత పెట్టుకుని వెళ్తున్నాడు.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం నేనూ సారూ మిర్యాలగూడ క్లాసుకు బస్సెక్కాం. ఆ బస్సుకు కండక్టర్ మా అక్కే. మమ్మల్ని చూసి కళ్లతో నవ్వింది గానీ పలకరించే తీరిక లేదు. సీట్లన్నీ నిండి, నడిచే దారంతా నిండి, మెట్ల మీద కూడా మనుషులు. సారుకు డోర్ దగ్గర ఎవరో లేచి సీటిచ్చారు. నాకు నాలుగు వరసల వెనక దొరికింది. పక్కన ఒక ముసలమ్మ ఒళ్లో టమాటల గంప పెట్టుకుని కూర్చుంది.

సగం దూరం వెళ్లాక గొడవ మొదలైంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, నలభై ఉంటాయి, తాగి లేడు, మిల్లు గేటు దగ్గర బస్సు ఆపమన్నాడు. అక్కడ స్టాప్ లేదని అక్క చెప్పింది.

"పైసల్ వెట్టి టికెట్ కొన్నది నేను. నిలవడ్డది నేను. ఫ్రీగ వచ్చినోళ్లు సీట్లల్ల కూసున్నరు. నేను ఆపమంటె ఆపవా?"

"స్టాపు ముంగటనే ఉన్నదన్నా. రెండు నిమిషాలల్ల వస్తది."

ఆయన బెల్లు తాడు మీద చెయ్యేశాడు. అక్క అడ్డం చెయ్యి పెట్టింది. ఆయన అక్క కుడి మణికట్టు పట్టుకున్నాడు, టికెట్ మిషన్ ఉన్న చేయి. గట్టిగా పట్టుకున్నాడు. మిషన్ మెడలో వేసుకున్న పట్టీకి వేలాడింది. పక్క సీటులో ఉన్న ఇద్దరు గొడవెందుకని లేచి వెనక్కి జరిగారు.

నేను ఏమీ ఆలోచించలేదు. ఫోన్ ఎడమచేతిలోనే ఉంది. లేచి, మనుషులను తోసుకుంటూ రెండడుగులు ముందుకు వెళ్లి, నా అలవాటు ప్రకారం కాళ్ల మీద ఎగిరి, ఆయన ముఖం మీదికి గుద్దు విసిరాను. అందమైన గుద్దు. సరిగ్గా ముక్కుకు వేలెడు దూరంలో ఆగింది. పోటీల్లో గుద్దుతో పాటు వేసే కేక, "ఎస్సై!" అని గొంతు చించుకుని అరిచి, చేయి వెనక్కి తీసుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, నిలబడ్డాను.

ఎందుకు నిలబడ్డానో మీలో ఆడినవాళ్లకు తెలుసు. పాయింట్ చెప్పే మనిషి కోసం.

ఆయన ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత ఖాళీగా ఉన్న చేత్తో నా భుజం మీద ఒక్క తోపు తోశాడు. అదే సమయానికి బస్సు స్పీడ్‌బ్రేకర్ ఎక్కింది. నేను వెళ్లి టమాటల గంపలో పడ్డాను.

"ఓ పిల్లా! కొట్లాడుతె కొట్లాడు గని నా టమాటల మీదనా?" అని ముసలమ్మ నా వీపు మీద రెండు వేసింది. ఆ రోజు బస్సులో నిజంగా తగిలిన దెబ్బలు ఆ రెండే.

గంపలో పడి చూశాను మిగిలింది. అక్క సీట్ల వైపు తిరిగి, దారి పొడవునా కాళ్లు వెడల్పుగా పెట్టింది. మోకాళ్లు వంగాయి. స్పీడ్‌బ్రేకర్‌కు బస్సంతా ఊగింది గానీ ఆమె ఊగలేదు. ఎడమ అరచేతిని ఆయన వేళ్ల మీద వేసి, తన మణికట్టుకు అదిమి పట్టింది. తర్వాత రెండు చేతులూ కలిపి నడుం దగ్గరికి గుంజింది, గిన్నె మీద గిన్నె. పైనున్న పిడికిలి ఖాళీగా లేదు. అందులో ఆయన చేయి ఉంది. ఆ చేయి వెంట మోచేయి, మోచేయి వెంట భుజం, భుజం వెంట ఇస్త్రీ చొక్కా మొత్తం వంగి వచ్చింది. అక్క నడుం తిప్పింది. ఆయన ఖాళీ అయిన సీటులో కూలబడ్డాడు.

"కూసో అన్నా. స్టాపొచ్చినంక దిగుదువు" అంది అక్క. మిషన్ సర్దుకుని వెనక సీటు వైపు తిరిగింది. "ఆ, టికెట్ తీసుకోనోళ్లు?"

మిర్యాలగూడలో దిగాక సారును అడిగాను, మీరెందుకు లేవలేదని. "నువ్వు లేసినవ్ గద. ఇగ జాగేడిది?" అన్నాడు.

సాయంత్రానికి వీడియో వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. ఎవరో మధ్యలోంచి తీశారు. మనుషుల తలల వల్ల అక్క చేయి పట్టుకున్నది కనిపించదు. నా గుద్దు మాత్రం సినిమా పోస్టర్‌లా కనిపిస్తుంది. ఆ తర్వాత సీటులో పడి ఉన్న ఆయన. అంతే. ఆయన డిపోలో కంప్లయింట్ రాసిచ్చాడు, కండక్టరూ ఆమె కరాటే మనుషులూ కలిసి తనను కొట్టారని. రాత్రికి అక్కను డ్యూటీ నుంచి ఆపారు. మర్నాడు పదింటికి మేనేజర్ ముందు హాజరు కావాలి.

పొద్దున్నే ఓనర్ ఫోన్ చేశాడు. నా నీలం టిక్కులకు ఆరు వారాల తర్వాత వచ్చిన మొదటి కాల్ అది.

"నువ్వు పోకు అక్కడికి. అకాడమీ పేరు బయటికి రావద్దు. ఏమన్నా అడిగితే, కండక్టరే కొట్టింది, నేను ఆపడానికి పోయిన అని చెప్పు. ఆమె గవర్నమెంట్ మనిషి, వాళ్లు వాళ్లు చూసుకుంటరు."

ఏం జవాబిచ్చానో ఇక్కడ రాయలేను. మొత్తానికి ఫోన్ పెట్టేసి డిపోకు వెళ్లాను. సారు నాకన్నా ముందే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

మేనేజర్ భారీ మనిషి. గది చిన్నది. టేబుల్‌కూ ఇనుప బీరువాకూ మధ్య ఒక మనిషి నిలబడేంత సందు. అక్క అక్కడే నిలబడి ఉంది, ఖాకీ చొక్కా లేకుండా, మామూలు చీరలో. ఆమెను అట్లా చూడటం అదే మొదటిసారి. మేనేజర్ తన ఫోన్‌లో వీడియో మాకు చూపించాడు.

"ఈ గుద్దింది ఎవరు?"

"నేనే సార్" అన్నాను.

"తగిలిందా?"

"లేదు సార్. వేలెడు దూరంలో ఆపిన."

"ఎందుకు ఆపినవ్?"

"రూల్ సార్."

"బస్సుల ఏం రూలమ్మా?" అన్నాడు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు.

"సరే. నువ్వు కొట్టలే. మరి ఆయన సీట్లకెట్ల వడ్డడు? ఈమె నూకకుంటనే?" అక్క వైపు తిరిగాడు. "నీకు ఇంతకుముందే చెప్పిన గదమ్మా. మల్ల గిదేంది?"

అక్క తల అడ్డంగా ఊపింది. "నేను కొట్టలే సార్. నూకలే. నా చెయ్యి నేను తెచ్చుకున్న. ఆయన ఇడువలే, ఎంబడి వచ్చిండు."

"అట్లెట్లయితది?"

సారు కళ్లజోడు పైకి నెట్టాడు. "మీరు ఒకపాలి వట్టుకొని సూడుండ్రి సార్" అన్నాడు.

మేనేజర్ అటూ ఇటూ చూసి, లేచి, టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి అక్క మణికట్టు పట్టుకున్నాడు, పట్టుకోనట్టుగా.

"గట్టిగ వట్టుండ్రి సార్. ఆయన గట్టిగ వట్టిండు" అంది అక్క.

ఈసారి గట్టిగా పట్టాడు. అక్క కాళ్లు పక్కకు జరిగాయి. ఆ సందులో ముందుకూ వెనక్కూ చోటు లేదు, పక్కకు మాత్రమే ఉంది. రెండు చేతులూ నడుం దగ్గరికి వచ్చాయి. అంత మనిషీ మొదలు నరికిన చెట్టులా వంగి, గోడ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. బీరువా మీది ఫైళ్లు రెండు కిందపడ్డాయి. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న క్లర్కు లోపలికి రాబోయి ఆగిపోయాడు.

మేనేజర్ మణికట్టు రుద్దుకున్నాడు.

"దెబ్బ తాకిందా సార్?" అక్క భయంగా అడిగింది.

"లేదు" అన్నాడు. "ఏం తాకలే." లేచి తన సీటులోకి వెళ్లి, పెన్ను తీశాడు.

నా చేత ఒక కాగితం రాయించుకున్నాడు. గుద్దు విసిరింది నేను, కండక్టర్‌కు దాంతో సంబంధం లేదు, గుద్దు తగలలేదు. నా జీవితంలో నా గుద్దు తగలలేదని సంతకం పెట్టిచ్చింది అదొక్కసారే. ఆయన తన ఫైలులో రాసుకున్నది పైకి చదివాడు. ప్రయాణికుడు చేయి పట్టుకోగా కండక్టర్ చేయి విడిపించుకున్నది, కొట్టలేదు, చర్య అవసరం లేదు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డ్యూటీ ఏ బస్సు సార్?" అని అడిగింది.

"మిర్యాలగూడే. అర్ధగంటల ఎల్లాలె. చొక్కా ఏస్కో పో."

బయటికి రాగానే నా ఫోన్ మోగింది. నా సంతకం సంగతి ఓనర్‌కు అప్పుడే చేరింది. క్లాసులు ఆ రోజుతో సారుకు అప్పగించి రమ్మన్నాడు. ఈసారి నేను అరవలేదు. మిగిలిన ఆరు వారాలూ ఆ క్లాసులు సరైన మనిషి చేతిలోకి వెళ్తున్నాయి, అరవడానికి ఏముంది? రూమ్ మాత్రం ఖాళీ చేయలేదు. మూడు నెలలకు తీసుకున్నాను కదా అని, రోజూ సారు క్లాసులో చివరి వరసలో నిలబడి టెక్కి నేర్చుకున్నాను. మోకాలు నొప్పి పుట్టేది. నాదీ ఎడమ మోకాలు లోపలికే పడుతుందట.

పోటీలు వద్దని మీకు చెప్పడం లేదు. నేను ఇప్పటికీ పాయింట్ల ఆట నేర్పుతాను, అది మంచి ఆట. కాకపోతే మొదటి వారం నుంచే ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలు వేసి, ఆ మధ్య సందులో కటా చేయిస్తాను. చేతులు పట్టుకోమని ఇద్దరిద్దరిని నిలబెడతాను. ఎందుకని అడిగితే ఇదంతా చెప్పే ఓపిక నాకు ప్రతిసారీ ఉండదు, అందుకే రాసి పెడుతున్నాను.

డిపోకు వెళ్లిన ఆ రోజుది చివరి సంగతి ఒకటి ఉంది. మిర్యాలగూడ క్లాసులో ఉన్న నా సామాను తెచ్చుకోవాలి కాబట్టి నేనూ అదే బస్సెక్కాను. అక్క ఖాకీ చొక్కా వేసుకుని, మిషన్ మెడలో వేసుకుని, సీటు సీటుకూ టికెట్లు కొడుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఆధార్."

నేను ఫోన్‌లో చూపించాను.

"ఫోన్ల నడువది. అసలు కార్డు తియ్యుండ్రి మేడం."

బ్యాగంతా వెతికి కార్డు తీశాను. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి చేతిలో పెట్టి, వంగి, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"మేడం, ఏమనుకోకుండ్రి. బస్సుల ఏమన్న లొల్లి అయితె మీరు మాత్రం సీట్లకెల్లి లేవకుండ్రి."

మిర్యాలగూడ చేరేలోపు రెండు లొల్లులు అయ్యాయి. నేను లేవలేదు.